ర్యాంకుల లిస్టు జిరాక్స్ తీసేవాడి ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

నాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఇటు ఒడిశా అటు ఆంధ్రా, మధ్యలో మేము. మీ పేపరు పొద్దున్నే నా షాపుకి వస్తాది, బల్ల మీద పడేస్తే సాయంత్రానికి పదిమంది చదివి నలిపేసి పోతారు. స్కూలు ఎదురుగా జిరాక్స్ షాపు నాది, లామినేషన్, స్టేషనరీ, ఫ్లెక్సీ ఆర్డర్లు కూడా తీసుకుంటాను. ఎప్పుడూ పేపరుకి ఉత్తరం రాసినోణ్ణి కాదు, తప్పులుంటే మీరే సరిచేసుకోండి.

రాయాలనుకున్నది ఏటంటే స్కూల్లో పిల్లల మనసు సంగతి. ఈ మధ్య దీనికి పెద్దపెద్ద పేర్లొచ్చాయి, వ్యక్తిత్వ వికాసం అంటారు, వెల్‌బీయింగ్ అంటారు, మా ఊళ్ళో అయితే పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అంటే టై కట్టుకుని ఇంగ్లీషులో పేరు చెప్పడం, అంతే. వేసవి సెలవుల్లో ఆ క్లాసుల ఫ్లెక్సీలు నేనే చేయించి ఇస్తుంటాను, అన్నింట్లోనూ కోటేసుకుని నవ్వుతున్న ఒకే కుర్రోడు, నెట్‌లో దొరికిన ఫొటో, ఆడు ఏ దేశపోడో కూడా తెలీదు. ఆడి సంగతి వదిలేయండి. నా కూతురు సంగతి చెప్తాను.

పాప ఏడో క్లాసు, ఒడియా మీడియం. ఇంట్లో మేమంతా తెలుగే. పోయినేడు దసరా సెలవులు అయ్యాక దానికి కడుపునొప్పి మొదలైంది, అదీ పొద్దున్న ఏడున్నర ఎనిమిది మధ్యలో, స్నానం చేసి జడ వేయించుకునేటప్పుడు. మా అమ్మ "గుంటకి దిష్టి తగిలిందిరా" అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. నేను గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగించాను. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, ఆయన స్కానింగ్ రాశారు, డబ్బులు పోయాయి గానీ రిపోర్టు మాత్రం అంతా నార్మల్. మూడు నాలుగు వారాలు గడిచాక మా ఆవిడ కనిపెట్టింది, ఈ నొప్పి సోమవారమే వస్తంది, మంగళవారం అయితే ఇడ్లీ నోట్లో కుక్కుకుని సైకిలేసుకుని ఎల్లిపోతంది, కడుపునొప్పికి వారం ఎలా తెలుస్తాదండీ అని. నాకు అప్పటిదాకా తట్టలేదు, నిజం చెప్తున్నాను. "ఏటమ్మా, ఎవరైనా కొట్టారా" అని అడిగాను, "లేదు నాన్నా". "ఎవరైనా ఏమైనా అన్నారా", "లేదు నాన్నా". అంతకంటే ఏం అడగాలో నాకు రాలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది. సోమవారం ఒడియా పీరియడ్లో పాఠం పైకి చదివిస్తారు, ఒకరి తర్వాత ఒకరు లేచి. ఒడియా తెలీని వాళ్ళకి చెప్తున్నాను, వాళ్ళు రాసేది ఘర అని, పలికేది ఘొరొ అని. కమళ అని రాసుంటే కొమొళొ అనాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడే నోటితో అక్షరం ఎలా ఉంటే అలా చదివేస్తారు. మా పాప లేచి ఘర అని చదివింది, క్లాసంతా నవ్వు, వెనక బెంచీ నుంచి ఎవడో "తెలెంగా" అన్నాడు. మాటగా చూస్తే తప్పేం లేదు, తెలుగోళ్ళని ఇక్కడ అలాగే అంటారు, నన్నూ అంటారు, కానీ ఆ మాట అనే తీరు ఒకటుంటాది, అది సరిహద్దులో పెరిగినోళ్ళకే తెలుస్తాది. టీచరమ్మ కూడా కొంచెం నవ్వారట. ఆమెని నేను ఏమీ అనను, యాభై పైన పిల్లలు, దానికి తోడు ఓటరు లిస్టు డ్యూటీ, ఇంకా ఏవేవో డ్యూటీలు, ఆ రిజిస్టర్ల కాపీలు నా దగ్గరే తీయించుకుంటారు కాబట్టి ఎంత మోస్తున్నారో నాకు తెలుసు. కానీ పన్నెండేళ్ళ పిల్లకి ఆ నవ్వు ఎక్కడికెళ్ళి కూర్చుందో ఆమెకి తెలీదు. మాకూ తెలీలేదు.

కనిపెట్టింది ఎవరయ్యా అంటే పీఈటీ సార్. ఆయనది బరంపురం, తెలుగు ఇంటి మనిషి. ఖోఖోలో ఎప్పుడూ ముందు కూర్చునే పిల్ల చివర్న కూర్చుంటంది, తర్వాత అసలు ఆడటమే మానేసింది అని ఆయన కంట్లో పడింది. పిలిచి ఏమైందని అడగలేదు, స్కోరు పుస్తకం చేతికిచ్చి "నా కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానమ్మా, నువ్వే రాసిపెట్టు" అన్నారట. మూడు రోజులు ఆయన పక్కన కూర్చుని గీతలు గీసింది. మూడో రోజు సగం ఆటలో, ఎవరూ అడక్కుండానే, తెలుగులో, మొత్తం చెప్పేసిందట. ఆయన అదే సాయంత్రం షాపుకొచ్చి నాతో చెప్పి, మర్నాడు టీచరమ్మతో మాట్లాడారు, ఆమె పాపం చాలా బాధపడి, వచ్చే సోమవారం నుంచి ఒక్కొక్కరిని కాకుండా ఇద్దరిద్దరిని కలిపి చదివించడం మొదలెట్టారు. మందూ మాకూ ఏం లేవు, అంతే చేశారు. మా పాప ఇప్పటికీ ఆదివారం రాత్రి ఒకసారి ఒడియా పుస్తకం తెరిచి నోట్లో గొణుక్కుంటాది, కానీ కడుపునొప్పి అనడం మానేసింది.

ఇందులో నన్ను తినేస్తున్నది ఏటంటే ఇదంతా లక్కు. ఆయన తెలుగాయన అవ్వడం లక్కు, ఆ టైముకి గేమ్స్ పీరియడ్ ఉండటం అంతకంటే పెద్ద లక్కు, ఎందుకంటే పరీక్షలు దగ్గర పడితే మొట్టమొదట ఎగిరిపోయేది ఆ పీరియడే. రేపు ఆయన ట్రాన్స్‌ఫర్ అయితే?

ఇంకో గుంటడున్నాడు, సవర తెగ పిల్లోడు, కొండ మీద ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతాడు. ఆదివారం వచ్చి నా ఫోన్లోంచి అమ్మతో మాట్లాడతాడు. ఇంట్లో సవర, బజార్లో మనతో తెలుగు, బళ్ళో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, పద్నాలుగేళ్ళకి నాలుగు భాషలు మోస్తున్నాడు, క్లాసులో ఆడికి పెట్టిన పేరు మాత్రం మొద్దు. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆడు చాలా చిన్నోడు, మా జిల్లాలో ఆ వానకి కొండచరియలు విరిగి ఊళ్ళ మీద పడ్డాయి, మనుషులు పోయారు. ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే ఆ కుర్రోడు మాట్లాడుతున్న ఫోన్ ఆపేసి నా షాపు షట్టరు రాడ్డు పట్టుకుని నిలబడతాడు. గాలి తగ్గాక "హలో" అంటాడు. అవతల వాళ్ళమ్మ కూడా ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉంటాది. ఆమెకి తెలుసు. బళ్ళో తెలిసినోళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

ఇది జరుగుతున్నది ఏ ఊళ్ళో అనుకుంటున్నారు, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో. 1880లో ఇక్కడ రాజా వారి బళ్ళో టీచరుగా చేరిన మనిషి, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలని ముందు తను సవర నేర్చుకుని, వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్ళు నడిపారు, తర్వాత తెలుగు పిల్లల కోసం కూడా పుస్తకంలో భాష నోట్లో భాషకి దగ్గరగా ఉండాలని జీవితమంతా పోట్లాడారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి ఎల్లిపోయారు. ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవం అని ఆయన ఫొటోకి దండేస్తాం, ఆ ఫొటో కలర్ ప్రింటు కూడా మనదే. ఆయన చేసిన పని మాత్రం ఫొటో ఫ్రేము లోపలే ఉండిపోయింది. అది భాషాభిమానం ఒక్కటే అనుకుంటారు గానీ నాకైతే ఇప్పుడు వేరేలా అర్థమైంది, పిల్లోడు ఏ భాషలో ఏడుస్తాడో ఆ భాష తెలిసిన పెద్దమనిషి ఒకరు బళ్ళో ఉండాలి, లెక్కలు ఏ భాషలో చెప్పినా పర్లేదు.

ఇదేమన్నా నేను కొత్తగా కనిపెట్టానా అంటే కాదు, అన్నీ కాగితాల మీద ఉన్నాయి. జిరాక్స్ షాపోడికి ఒక సుఖం, ఊళ్ళో కాగితాలన్నీ ఆడి చేతి మీదుగానే పోతాయి. ఒక వకీలు గారు తెచ్చిన కాగితాల్లో చూశాను, రాజ్యాంగంలో 350ఎ అని ఉంది, భాషాపరంగా మైనారిటీ పిల్లలకి ప్రైమరీలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు రాష్ట్రం చెయ్యాలని. 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా కూడా వేధించకూడదు అంటాది. 29వ సెక్షన్ అయితే పిల్లలు భయం, ఆందోళన లేకుండా తమ మాట చెప్పుకునేలా చూడాలి, వీలైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలి అని రాసేసింది. నేను ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీశాను, తర్వాత కస్టమరు కాగితం అని గుర్తొచ్చి చెరిపేశాను.

ఇంకోటి, 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ ప్రోగ్రాం అని పెట్టారు. ప్రతి స్కూల్లో ఇద్దరు టీచర్లు, వీలైతే ఒక సార్ ఒక మేడమ్, వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చి పిల్లలతో ఆరోగ్యం గురించీ, మనసు గురించీ, కోపం భయం గురించీ, ఎదిగే వయసులో వచ్చే మార్పుల గురించీ మాట్లాడించాలి, వారం వారం. ఆ ట్రైనింగ్ పుస్తకం స్పైరల్ బైండింగ్ చేసింది కూడా నేనే, ఒక మేడమ్ తెచ్చారు. తిరగేస్తే మంచి పుస్తకం అండీ. పాఠం లాగ చెప్పొద్దు, గుండ్రంగా కూర్చోబెట్టి ఆటలాగ నడపండి, పిల్లోడు చెప్పింది ఇంకొకరి దగ్గర అనొద్దు, ఇలాంటివి. లైఫ్ స్కిల్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు ఎప్పుడో 1990లలోనే పది రాసిపెట్టారు, తనని తాను తెలుసుకోవడం, ఎదుటోడి బాధ అర్థం చేసుకోవడం, నిర్ణయం తీసుకోవడం, ఒత్తిడి తట్టుకోవడం, ఇలాగ. ఆ పదిలో టై కట్టుకోవడం లేదు. తర్వాత షాపుకి పెన్ను కొనడానికొచ్చిన పిల్లల్ని అడిగాను, ఏరా మీకు ఆ క్లాసు అవుతుందా అని. "టైంటేబుల్లో ఉంది అంకుల్, కానీ ఆ పీరియడ్లో మ్యాథ్స్ చెప్తారు" అన్నారు.

అందుకే మొన్న స్కూల్ కమిటీ మీటింగ్‌లో లేచాను. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని రూలు కాబట్టి నన్నూ వేశారు. ఇన్నాళ్ళూ వెళ్ళి టీ తాగి సంతకం పెట్టి వచ్చేవాణ్ణి. ప్రహరీ గోడ, బాత్రూము, భోజనంలో గుడ్డు, ఇవే మాటలు, బాత్రూము మాట చిన్నదని నేను అనను, ఆడపిల్లలు నీళ్ళు తాగడం మానేసి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు, అదీ మనసు సంగతే. నేను ఒడియాలోనే అడిగాను, మూడే మూడు. వారానికి ఒక పీరియడు పిల్లల మాట వినడానికి, అది ఎవరూ లాక్కోకూడదు. గేమ్స్ పీరియడ్ పరీక్షలప్పుడు కూడా ఉండాలి. తెలుగూ సవరా వచ్చిన టీచరు గానీ, వంట చేసే ఆమె గానీ, పైక్లాసు పిల్ల గానీ, ఎవరో ఒకరు ఫలానా అని పిల్లలకి పేరు చెప్పి చూపించాలి. నాలుగోది కూడా నోట్లోంచి వచ్చేసింది, యూనిట్ టెస్ట్ ర్యాంకుల లిస్టు గేటు పక్క గోడకి అంటించడం ఆపండి అని.

హెడ్ సార్ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది ఏ3లో పెద్దది చేసి ఇచ్చేది మీరే కదా" అన్నారు.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చేస్తాను, ఆయన అన్నది నిజం. ఏ4 లిస్టు తెస్తే "సార్, దూరానికి కనబడదు, ఏ3 చేద్దాం" అని చెప్పింది నేనే, కాపీకి పది రూపాయలు ఎక్కువొస్తాదని. మొదటి మూడు పేర్లకి పసుపు హైలైటర్ కొట్టే ఐడియా కూడా నాదే. ఆఖరి పేరు ఎవరిదో ఎప్పుడూ చూడలేదు, కాగితంలో అడుగునుంటాది కదా, మెషీన్లోంచి ముందు అదే బయటికొచ్చినా చూడలేదు. ఆ రోజు ఇంటికొచ్చి పాత ఫైల్లో చూశాను. సవర కుర్రోడి పేరు మూడు లిస్టుల్లో అడుగునే ఉంది.

మీటింగ్‌లో చివరికి తేలింది ఏటంటే లిస్టు ఈ ఏడు స్టాఫ్ రూములోనే ఉంచుతారు, ఎవరి మార్కులు వాళ్ళకే చెప్తారు. పీరియడ్ సంగతి "చూద్దాం" అన్నారు, చూద్దాం అంటే మీకు తెలుసు. తెలుగు తెలిసిన మనిషి సంగతికొస్తే పీఈటీ సార్ తనే చెయ్యెత్తారు. సవరకి, వంట దగ్గర పనిచేసే ఒకామె ఉంది, ఆమెకి సవర వచ్చు, ఆమెని అడిగితే "నాకేటి తెలుసు బాబూ, నాను చదువుకోనిదాన్ని" అంది. వినడానికి చదువెందుకమ్మా అన్నాను. ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఆ కుర్రోడికి అన్నం పెట్టేటప్పుడు ఏదో అడుగుతోందట, ఆడే చెప్పాడు.

ఇదంతా చిన్న స్కూలు సంగతి. మా పిల్లలు పదో క్లాసు అవగానే సగం మంది వైజాగ్ హాస్టళ్ళకి పోతారు, ఇంటరూ కోచింగూ కలిపి. అక్కడ భాష బాధ ఉండదు, అందరూ తెలుగోళ్ళే, కానీ వినేవాడు అక్కడా ఉండడు. మా వీధిలో ఒకబ్బాయి సంక్రాంతికొచ్చి మళ్ళీ వెళ్ళనన్నాడు, మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారట, నెలనెలా, కింద సెక్షనుకి పడిపోయినోడితో పై సెక్షనోడు మెస్సులో కూడా కలిసి తినడట. వాళ్ళ నాన్న ఫీజు కట్టేశాను కదరా అని బతిమాలాడు. ఆడు వెళ్ళలేదు, ఇప్పుడు ఇక్కడే కాలేజీలో చదువుతున్నాడు, బానే ఉన్నాడు. అందరూ అలా సంక్రాంతికి ఇంటికి రారు. 2022 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద ప్రాణం తీసుకున్న విద్యార్థులు 13 వేలకి పైనే అని నేర రికార్డుల బ్యూరో లెక్క. వైజాగ్‌లోనే 2023లో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోతే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2025 జులై 25న తీర్పిస్తూ కోర్టు 15 మార్గదర్శకాలు పెట్టింది. వంద మంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సిలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలి, మార్కుల్ని బట్టి బ్యాచులు విడగొట్టొద్దు, నలుగురిలో అవమానించొద్దు, టీచర్లకి ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. ఆ తీర్పు ప్రింటు మా వీధి అబ్బాయి వాళ్ళ నాన్నకి నేనే తీసి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు.

ఇంక మీ దగ్గరికొస్తాను, కోపం తెచ్చుకోకండి. నేను ఏ3 అంటిస్తే మీరు ఫుల్ పేజీ వేస్తారు. ఫలితాల సీజను వస్తే మొదటి పేజీ తిప్పితే గానీ వార్త కనపడదు, అంతా ర్యాంకులే, తపాలా బిళ్ళలంత ఫొటోలు, వాటి పక్కన నంబర్లు. షాపులో బల్ల మీద ఆ పేజీ రోజంతా ఉంటాది, పెన్ను కొనడానికొచ్చిన ప్రతి పిల్లా దాన్ని చూసి తన ఫొటో లేదని తెలుసుకునే వెళ్తాది. యాడ్లు మానేయమని అనలేను, నాకూ షాపుంది, రెంటు ఉంది, పది రూపాయల కోసం నేను చేసిందీ అదే పని. అడిగేది ఒక్కటే, ఆ రోజుల్లో ఆ యాడ్ పక్కనైనా 14416 అని వేయండి. మనసు బాగోకపోతే ఫోన్ చెయ్యడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు అది, ఫ్రీ, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలో కూడా. పిల్లల కోసం 1098 కూడా ఉంది. నేను రెండు నంబర్లూ మూడు భాషల్లో ప్రింటు తీసి, సవర మాటలు ఆ కుర్రోడినే అడిగి తెలుగు లిపిలో రాయించి, లిస్టు అంటించే గోడ ఉంది కదా, సరిగ్గా అక్కడే అంటించాను. ఏ3 సైజే. వానకి తడవకుండా లామినేషన్ కూడా చేశాను, పదిహేను రూపాయలయ్యింది.

ఇట్లు
మీ పాఠకుడు, జిరాక్స్ షాపు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా